‘ఏం తిన్నావమ్మా?’ అని అడిగేముందు

పాప బుగ్గల మీద ఎర్రటి పొక్కులు, మోచేతి మడతల్లో ఒకటే దురద. డాక్టర్ ఎగ్జిమా అని రాశారు. ఇంటికి రాగానే తల్లికి ఎదురయ్యే మొదటి ప్రశ్న మీకు తెలిసిందే: "ఏం తిన్నావమ్మా?" ఇక గుడ్డు బంద్, పాలు బంద్, వంకాయ బంద్, పల్లీ చట్నీ బంద్. మా అక్క అయితే రెండు నెలలు చారన్నంతోనే గడిపింది. బాబు దురద తగ్గలేదు కానీ అక్క మాత్రం సగమైంది.

చాలామంది పిల్లల్లో కథ రివర్స్‌లో నడుస్తుంది. తిండి వల్ల ఎగ్జిమా రావడం కాదు, ఎగ్జిమా వల్ల తిండి పడకుండా పోవడం. ఎగ్జిమా చర్మం పొడిబారి, కంటికి కనపడని పగుళ్లతో ఉంటుంది. దుప్పట్ల మీదా మన చేతుల మీదా ఉండే పల్లీ పొడి, గుడ్డు, పాల ఆనవాళ్లు అందులోంచి లోపలికి దూరతాయి. ఒంట్లోని రక్షణ వ్యవస్థ వాటిని అక్కడే మొదటిసారి చూస్తే శత్రువని సేవ్ చేసుకుంటుందట. అదే పల్లీ నోటి నుంచి పొట్టలోకి వెళ్తే, తిండే కదా అని వదిలేస్తుంది. ఐడీ చూపించి గేటులోంచి వచ్చినవాణ్నీ, కిటికీ దూకి వచ్చినవాణ్నీ సెక్యూరిటీ ఒకేలా చూడదు మరి.

2000లో అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం, రిస్క్ ఉన్న పిల్లలకి మూడేళ్లదాకా పల్లీలు పెట్టొద్దంది. అదే సమయంలో ఇజ్రాయెల్‌లో పసిపిల్లలు పల్లీలతో చేసే ‘బాంబా’ అనే చిరుతిండి హాయిగా తినేవాళ్లు. లండన్ డాక్టర్ గిడియన్ లాక్ బృందం లెక్క చూస్తే, బ్రిటన్‌లోని యూదుల పిల్లల్లో పల్లీ అలర్జీ ఇజ్రాయెల్ పిల్లలకంటే దాదాపు పది రెట్లు ఎక్కువ! దాంతో తీవ్రమైన ఎగ్జిమా గానీ గుడ్డు అలర్జీ గానీ ఉన్న 640 మంది పసివాళ్లని తీసుకుని, సగంమందికి ఐదేళ్లదాకా పల్లీలు పెట్టారు, సగంమందికి మానిపించారు. 2015లో ఫలితం వచ్చింది. మానేసినవాళ్లలో 17.2 శాతం మందికి అలర్జీ వస్తే, తిన్నవాళ్లలో 3.2 శాతమే.

జపాన్‌లో ఇంకో విచిత్రం. గోధుమ ప్రొటీన్ కలిపిన ఓ ఫేస్ సోప్ వాడి, రెండు వేలమందికి పైగా గోధుమ అలర్జీ తెచ్చుకున్నారు. అందుకే నలుగు పెట్టే అమ్మమ్మలకి దండం పెట్టి ఒక మాట: పగిలిన చర్మం మీద శనగపిండి, మీగడ వద్దు. డాక్టర్ చెప్పిన మాయిశ్చరైజర్ స్నానం అవగానే, తడి ఆరకముందే రాయండి. స్టెరాయిడ్ అన్న పేరు చూసి ట్యూబ్ అలమారాలో పడేసే ఇళ్లు బోలెడు. చెప్పినంత, చెప్పిన రోజులు రాస్తే అది మందే.

ఇంకోటి, బ్లడ్ టెస్టులో పాజిటివ్ రాగానే ఆ తిండి మానిపించేయకండి. పాజిటివ్ వచ్చినా హాయిగా తినే పిల్లలు చాలామంది. అప్పటిదాకా పడుతున్న తిండిని ఊరికే ఆపితే, మళ్లీ మొదలుపెట్టినప్పుడు రియాక్షన్ వచ్చే ప్రమాదం కూడా ఉంది. మొత్తం పాలూ గుడ్లూ తీసేస్తే పిల్ల బరువు సంగతేంటి?

ఎగ్జిమా తీవ్రంగా ఉన్నా, గుడ్డు పడకపోయినా మాత్రం సొంత ప్రయోగాలు వద్దు, పల్లీ పెట్టేముందు డాక్టర్‌తో మాట్లాడండి. పెట్టేటప్పుడు మెత్తటి పేస్టుగా పల్చగా కలపాలి. పల్లీ గింజ గొంతులో అడ్డుపడుతుంది. పెదాలు వాచినా, ఊపిరి ఈల వేసినట్టు వస్తున్నా, వాంతులు ఆగకపోయినా, బిడ్డ వాలిపోతున్నా గూగుల్ చేయొద్దు, 108కి కొట్టండి.