చెల్లె వేలిముద్ర

చెడ్డవాళ్లున్న నవలలు పిల్లలకు ఇవ్వొద్దని, మంచివాడు గెలిచే కథలే చదివించాలని మా ఇబ్రహీంపట్నంలో పెద్దమనుషులు అంటుంటారు. నేను ఒప్పుకోను. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు దస్తావేజులు రాసి బతికినవాణ్ని. అన్యాయం ఎంత మర్యాదగా జరుగుతుందో దగ్గర నుంచి చూసినవాణ్ని.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక సాగర్ రోడ్డు వెంట జొన్న చెలకలు ప్లాట్లయినయి. అన్నలకు చెల్లెళ్లు గుర్తొచ్చారు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకూ సమాన హక్కని 2005 చట్ట సవరణ చెబుతోంది గనుక కొనేవాడు ఆమె సంతకం అడుగుతాడు. అన్న కారు పంపి పిలిపిస్తాడు. చీర పెట్టి, పసుపు కుంకుమ కింద కొంత చేతిలో పెడతాడు. ఆమె హక్కు విడుదల పత్రం మీద వేలిముద్ర వేస్తుంది. "వాటా అడిగితే పుట్టిల్లు దూరమైతది సారూ" అని ఒకామె నాతో అన్నది. ఆ అన్న దుర్మార్గుడా? ఆమె కొడుకుకు జ్వరం ముదిరితే రాత్రికి రాత్రి హైదరాబాద్ దవాఖానకు తీసుకుపోయింది అతనే.

ఈ మనిషి నీతికథకు అందడు. నవలకే అందుతాడు.

దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' 1969లో వచ్చింది. అందులో దొరను చూసి ఎవరైనా పళ్లు కొరుకుతారు. నన్ను ఎక్కువ భయపెట్టింది మాత్రం కరణం. ఊరి లెక్కలు అతని చేతిలో ఉంటాయి. రావిశాస్త్రి 'అల్పజీవి'లో సుబ్బయ్య ఇంకా దగ్గరివాడు. ఎవరికీ హాని తలపెట్టని పిరికి గుమస్తా. ఆ పిరికితనమే అతన్ని కాంట్రాక్టరు డబ్బు దాకా నడిపిస్తుంది. చదువుతుంటే అతని మీద కోపం రాదు, మన మీద మనకే అనుమానం వస్తుంది. మంచిచెడ్డల గురించి నవల చేయగలిగిన పెద్ద పని అదేనని నా నమ్మకం.

యండమూరి 'తులసిదళం' చదివి దీపం ఆర్పడానికి జంకినవాళ్లు మా తరంలో ఎందరో. అందులో పసిపిల్ల మీద జరిగే చేతబడికి మూలం ఆ పిల్ల పేరున ఉన్న డబ్బు. పాఠకులకు గుర్తుండిపోయింది మాత్రం ఆ డబ్బు కాదు, కాష్మోరా అనే క్షుద్రశక్తి.

మా వైపు భూముల మీద ఎవరైనా నవల రాస్తే ఆ అన్నను ముఖ్యపాత్రగా పెట్టాలి. అతని ప్రేమను ఒక్క పిసరు తగ్గించొద్దు. చెల్లె వేలిముద్ర వేసే పేజీలో అతన్ని తిట్టొద్దు. ఆ పూట పక్కన నిలబడిన సాక్షులను, పత్రం రాసిన నాలాంటివాణ్ని కూడా వదిలిపెట్టొద్దు.