దుప్పటిని తిట్టకండి, పరుపు చూడండి

ఇక్కడ అమెరికాలో మన ఇళ్లలో చాలావాటి పైకప్పు తారు షింగిల్స్‌దే. అది అలలు అలలుగా లేచిందంటే చాలు, "ఎండలకి అంతేనండీ, మొత్తం మార్పించేయండి" అంటాడు కాంట్రాక్టరు. నేనొప్పుకోను. పక్క మీద దుప్పటి ఎగుడుదిగుడుగా ఉంటే కింద పరుపు చూస్తామా, దుప్పటిని తిడతామా?

చలిలో వేసిన కొత్త షింగిల్స్‌కి కాస్త అలలుంటే ఎండ తగలగానే సర్దుకుంటాయి. అది వేరు. సర్దుకోని అలలకు కారణం చాలాసార్లు కిందే ఉంటుంది. కప్పు చెక్క పలకల మధ్య 1/8 అంగుళం సందు వదలాలి. వదలకుండా బిగించి కొడితే, తేమ పీల్చి ఉబ్బిన పలకలు చోటు చాలక అంచుల దగ్గర పైకి లేస్తాయి. షింగిల్స్ కింది ఫెల్ట్ కాగితం తడిసి ముడతపడినా అంతే.

మరి ఆ తేమ ఎక్కడిది? బాత్రూమ్ ఫ్యాను గొట్టం బయటికి పోకుండా అటకలోనే ఆగిపోయి ఉంటుంది. లేదా చూరు కింది గాలి రంధ్రాలను ఇన్సులేషన్ కప్పేసి ఉంటుంది. అవి సరిచేయకుండా వేల డాలర్లు పోసి కొత్త కప్పు వేయిస్తే, మళ్లీ అవే అలలు.

పైగా "మీవారున్నప్పుడు వచ్చి మాట్లాడతా" అంటారు. ఇంట్లో చెమ్మ వాసన ముందు పసిగట్టేది ఎవరమ్మా? సంతకానికి ముందు మీరే అడగండి: అటకెక్కి చూశావా? పలకల మధ్య సందుందా? ఫ్యాను గొట్టం ఎక్కడ తేలింది? జవాబు రాకపోతే చెక్కు రాయకండి.