స్కైలాబ్: తెలుగువారు చెప్పుకోని సగం కథ

స్కైలాబ్ అనగానే నడివయస్సు దాటిన తెలుగువారికి 1979 జులై గుర్తుకు వస్తుంది. అది నెత్తిన పడి అందరూ పోతారన్న భయంతో పల్లెల్లో కోళ్ళనూ మేకలనూ కోసుకు తిన్నవారి ముచ్చట్లు నేటికీ వినవస్తాయి. 2021లో ఆ పేరుతోనే ఒక తెలుగు చలనచిత్రం కూడా వచ్చింది. నవ్వుకొనడానికి బాగానే ఉన్నది. కాని విదేశాలలో పెరుగుతున్న పిల్లలకు ఈ పతనం ఒక్కటే చెప్పి, అంతకు ఆరేళ్ళ ముందు జరిగిన మరమ్మతును చెప్పకపోవడం అన్యాయం.

1973 మే 14న ప్రయోగించిన ఈ అమెరికా అంతరిక్ష కేంద్రం నేల విడిచిన 63 సెకన్లకే దెబ్బతిన్నది. ఎండనుండీ ఉల్కాధూళినుండీ కాపాడవలసిన పైతొడుగు చీలిపోయింది. విద్యుత్తునిచ్చే రెండు పెద్ద సౌరఫలకాలలో ఒకటి ఊడిపోయింది. రెండవది లోహపు పట్టీలో చిక్కుకొని తెరుచుకోలేదు. లోపలి ఉష్ణోగ్రత 50 డిగ్రీల సెంటీగ్రేడు దాటింది.

మరునాడే బయలుదేరవలసిన కాన్రాడ్, కెర్విన్, వైట్జ్ మే 25 దాకా ఆగవలసివచ్చింది. ఈలోగా హ్యూస్టన్‌లో జాక్ కింజ్లర్ గాలపు కర్రలతో నమూనా చేసి చూపి, గొడుగువలె విచ్చుకొనే నీడతెరకు రూపమిచ్చాడు.

రసాయన శాస్త్రజ్ఞులను కలవరపెట్టినది మాత్రం వేరొకటి. కేంద్రం గోడలకు పాలీయురిథేన్ నురుగు పొర ఉన్నది. తీవ్రమైన వేడికి అది విఘటనం చెందితే టోల్యూయీన్ డైఐసోసయనేట్ వంటి విషపదార్థాలు వెలువడవచ్చు. అందుచేత లోపలి వాయువును భూమినుండే పలుమార్లు ఖాళీచేయించి, నైట్రోజన్‌తో నింపించారు. అయినా వ్యోమగాములు తొందరపడలేదు. లోపలి గాలిని పరీక్షానాళికలతో పరీక్షించి, గ్యాస్ మాస్కు ధరించి వైట్జ్ ముందుగా ప్రవేశించాడు. ప్రమాదం లేదని తేలిన తరువాతనే మిగిలిన పని. ధైర్యమంటే దూకడమే అనుకొనే పిల్లలకు ఈ ఘట్టం ప్రత్యేకంగా చెప్పదగినది.

పక్కనున్న చిన్న ద్వారంగుండా గొడుగును వెలుపలికి నెట్టి విప్పగానే వేడి తగ్గసాగింది. జూన్ 7న కాన్రాడ్, కెర్విన్ వెలుపలికి వెళ్ళి ఆ పట్టీని కత్తిరించి సౌరఫలకాన్ని విడిపించారు. నైలాను ఎండకు క్షీణిస్తుంది కనుక, ఆగస్టులో రెండవ బృందం ఆ గొడుగుపై మరొక తెర పరచింది.

రూపకర్తల లోపాన్ని దిద్దడానికి మనుషుల ప్రాణాలు ఒడ్డవలెనా అన్న విమర్శ ఉన్నది. పైతొడుగు రూపకల్పనలో లోపం ఉన్నమాట విచారణలోనే తేలింది. విమర్శ కొట్టిపారవేయదగినది కాదు. అయితే ఏ పట్టీ ఎక్కడ చిక్కుకుంటుందో ముందుగా ఊహించి, దానికి తగిన యంత్రాన్ని పంపడం ఆనాడు సాధ్యమయ్యేది కాదు. ఆ మరమ్మతు వల్లనే మూడు బృందాలు మొత్తం 171 రోజులు అక్కడ పరిశోధనలు చేయగలిగాయి.

మరి అది ఎందుకు పడింది? 1974 ఫిబ్రవరిలో మూడవ బృందం తిరిగివచ్చిన పిమ్మట దాని దగ్గరకు ఎవరూ వెళ్ళలేదు. సూర్యుని చురుకుదనం పెరిగి, పై వాతావరణం వ్యాకోచించి, కక్ష్య దిగజారుతూ వచ్చింది. కనుక 1979ని మరమ్మతు వైఫల్యంగా చెప్పడం పొరపాటు. అది ఆలనాపాలనా మానివేసిన ఫలితం. దానిని పైకి నెట్టించవచ్చునని ఆశపెట్టుకున్న స్పేస్ షటిల్ మొదటిసారి ఎగిరింది 1981 ఏప్రిల్‌లో. అప్పటికి స్కైలాబ్ శకలాలు హిందూ మహాసముద్రంలోనూ పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ పడి ఇరవైయొక్క నెలలైంది.