మూఢం విడిచిన నాటి గుర్రం

శ్రావణమాసం వచ్చిందంటే సాయంత్రం ఏడు దాటాక ఎస్.ఆర్. నగర్‌లో బండి తీయడానికి వెనకాడతాం. ఎల్లారెడ్డిగూడ నుంచి బల్కంపేట దాకా ఏ ఫంక్షన్ హాలు ముందు చూసినా బ్యాండు మేళం, జనరేటర్ బండి, నెత్తిన లైట్లు మోసే కూలీలు, నడుమ ముఖమల్ గుడ్డ కప్పిన తెల్ల గుర్రం. పెళ్లికొడుకును చూస్తాం, ముందు గంతులేసే కుర్రాళ్లను చూస్తాం. గుర్రం మొహంలోకి ఎవరూ చూడరు. ఈ వారం ఆ గుర్రం తిండి గురించే రాస్తున్నాను. ఆషాఢమో మూఢమో పుష్యమో వచ్చి వారాల తరబడి ముహూర్తాలు ఆగిపోవడం, ఆపైన ఒకే రాత్రి మూడు నాలుగు బరాత్‌లు మీద పడటం మన పంచాంగంలో ఉన్నదే. గుర్రం కండరాలకు అంతకన్నా గండం ఇంకోటి లేదు.

ఐరోపాలో బండ్లు లాగే గుర్రాలకు ఆదివారం సెలవు ఉండేది. పని లేకపోయినా దాణా మాత్రం మామూలుగానే పెట్టేవారు. సోమవారం పొద్దున బండికి కట్టగానే గుర్రం నాలుగడుగులు వేసి నిలిచిపోయేది. అందుకే దాన్ని అక్కడ సోమవారం జబ్బు అనేవారు. ఇప్పటి వెటర్నరీ డాక్టర్లు టైయింగ్ అప్ అంటున్నారు. కండర కణాలు పగిలిపోయి, లోపల ఉండాల్సిన మయోగ్లోబిన్ అనే ఎర్రటి పదార్థం రక్తంలో కలుస్తుంది. అది కిడ్నీల మీద పడుతుంది. ఆలస్యం చేస్తే ప్రాణమే పోవచ్చు.

పోయిన మాఘమాసంలో మా వీధి చివరి హాలు దగ్గర ఒక ఆడగుర్రం ఇలాగే నిలబడిపోయింది. చలి వేళ కూడా మెడ మీద నుంచి చెమట ధార కడుతోంది. ముక్కుపుటాలు ఎగసిపడుతున్నాయి. వెనక కాళ్లు బిగదీసుకుని కదలనంటోంది. పిరుదు మీద చెయ్యి వేస్తే కండ గట్టిపడి వేలికి లొంగడం లేదు. పెళ్లివారిలో ఒకాయన ‘కొంచెం నడిపిస్తే అదే సర్దుకుంటుంది’ అంటుంటే సైసు కళ్లెం పట్టి లాగుతున్నాడు. ఇంతలో అది మూత్రం పోసింది. లైట్ల వెలుతురులో చూస్తే చిక్కటి కాఫీ డికాషన్ రంగు.

‘చాచా, ఇక నడిపించకండి’ అన్నాను.

‘పుష్యమంతా లాయంలోనే ఉంది సాబ్. తాకత్ తగ్గకూడదని దాణా ఏమీ తగ్గించలేదు. ఉలవలు, గోధుమ పొట్టు, బెల్లం అన్నీ పెట్టాను’ అన్నాడాయన. గొంతు వణుకుతోంది. జేబులోంచి ఒక చీటీ తీసి చూపించాడు. అందులో మూడు పేర్లున్నాయి: ఒక లివర్ టానిక్, ఒక కాల్షియం సీసా, ఒక విటమిన్ ఈ-సెలీనియం సూది. రాసిచ్చింది డాక్టరు కాదు, పశువుల మందుల షాపులో కుర్రాడు. కూలి డబ్బుల్లోంచి ఆయన అవన్నీ కొన్నాడు. గుర్రాన్ని కన్నబిడ్డకన్నా ఎక్కువగా చూసుకునే మనిషే. చెప్పేవాళ్లు లేక మోసపోయాడు.

నేను చెప్పాలనుకున్నది ఇదే. కండరం జబ్బు చేసిన గుర్రానికి డబ్బా మందు కన్నా ముందు దాణా లెక్క సరిచేయాలి. పని లేని రోజున దాణా సగానికన్నా తగ్గించి, కడుపు నిండా గడ్డి వేయాలి. దీనికి పైసా ఖర్చు లేదు. లాభం ఉండదు కాబట్టి ఏ షాపువాడూ ఈ మాట చెప్పడు.

కండరాల జబ్బు అన్నామే గానీ అది ఒకటి కాదు. రేసు గుర్రాల జాతి థరోబ్రెడ్‌లలో కనిపించే రకం వేరు. అక్కడ కండరం బిగిసి వదలడానికి అవసరమైన కాల్షియం అదుపు తప్పుతుంది. ముఖ్యంగా బెదురుమోతు పడుచు గుర్రాలు దానికి గురవుతాయి. కొన్ని విదేశీ జాతుల్లో కండరాల్లో చక్కెర నిల్వలు విపరీతంగా పేరుకుపోయే జబ్బు ఉంది. దానికి కారణమైన జీవైఎస్1 అనే జన్యువులోని మార్పును అమెరికా పరిశోధకులు 2008లో కనిపెట్టారు. పచ్చగడ్డి కరువై విటమిన్ ఈ తగ్గడం వల్ల కండ కరిగిపోయేది మరో రకం. ఏ రకమో తేలకుండా ఏ పొడి కలిపినా చీకట్లో రాయి విసరడమే. అయితే మొదటి రెండింటికీ ఒక మాట ఉమ్మడిగా పనిచేస్తుంది. పిండిపదార్థం, బెల్లం తగ్గించాలి. ఆ తగ్గిన శక్తిని కొవ్వు రూపంలో ఇవ్వాలి.

ఇక్కడే తెలంగాణకు ఒక సౌకర్యం ఉంది. అమెరికాలో ఇలాంటి గుర్రాల కోసం అమ్మే ఖరీదైన దాణా బస్తాల్లో చాలా వాటికి ముఖ్యమైన ముడిసరుకు వరి తవుడు. మన మిర్యాలగూడ మిల్లుల్లో లారీలకు లారీలు వచ్చే తవుడే. అందులో ఆరో వంతు నుంచి అయిదో వంతు దాకా నూనె ఉంటుంది. అలాగని పచ్చి తవుడు తెచ్చి తొట్టిలో పోస్తే సరిపోదు. మిల్లు నుంచి బయటికి వచ్చిన గంటల్లోనే అందులో నూనె పాడవడం మొదలవుతుంది. వేడి పట్టించి నిలవ ఉండేలా చేసిన తవుడు వేరు. బజార్లో పశువుల కోసం అమ్మేది చాలావరకు నూనె తీసేసిన తవుడు. దాంతో ఈ పని జరగదు. పైగా తవుడులో, గోధుమ పొట్టులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. అదే పనిగా పెడితే గుర్రం ఎముకల్లోని కాల్షియం లాగేసుకుంటుంది. అందువల్ల పెళ్లి గుర్రానికి సులువైన దారి వంటింట్లో వాడే తవుడు నూనెనే. రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి, రెండు మూడు వారాల్లో మెల్లగా పెంచుతూ రోజుకు పావు లీటరు దాకా దాణాలో కలపొచ్చు. ఒక్కసారిగా పోస్తే విరేచనాలు పట్టుకుంటాయి. నూనె పెంచినప్పుడు విటమిన్ ఈ అవసరం కూడా పెరుగుతుందని గుర్తుంచుకోవాలి.

ఆ విటమిన్ ఈ పచ్చగడ్డిలో పుష్కలం. గడ్డిని కోసి ఎండబెడితే చాలావరకు పోతుంది. నగరం గల్లీలో ఏడాది పొడవునా కట్టేసి ఉండే గుర్రానికి ఎండుగడ్డి, దాణాలే గతి కాబట్టి దానికి ఈ లోపం వచ్చే అవకాశం ఎక్కువ. దీర్ఘకాలం పచ్చిక ఎరుగని గుర్రాలకు కండరాలను ఆడించే నరాలే దెబ్బతింటాయని న్యూయార్క్‌లోని కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు 1990లో గుర్తించారు. నిలబడితే కాళ్లు వణకడం, ఎంత తిన్నా చిక్కిపోవడం దాని లక్షణాలు. ఆరోగ్యంగా ఉన్న 500 కిలోల గుర్రానికి రోజుకు 500 నుంచి 1,000 యూనిట్లు చాలు. లోపం తేలితే 5,000 యూనిట్ల దాకా ఇస్తారు. అది రక్తంలో ఎంతుందో చూసి డాక్టరు తేల్చాల్సిన మోతాదు. కృత్రిమంగా తయారైన దానికన్నా సహజమైన విటమిన్ ఈ గుర్రానికి బాగా ఒంటబడుతుంది. పచ్చగడ్డి దొరుకుతుంది కదా అని మూసీ ఒడ్డున మురుగునీటితో పెంచిన పారా గడ్డి మోపులు తెచ్చి వేయడం మాత్రం నాకు నచ్చదు. ఆ నీళ్లలో ఏముందో తెలియదన్న సంగతి అటుంచి, ఆ గడ్డిలో ఉండే ఆక్సలేట్లు గుర్రానికి కాల్షియం అందనివ్వవు.

ఇక సెలీనియం. చాచా చీటీలో నన్ను భయపెట్టింది అదే. కండరాలను కాపాడటంలో విటమిన్ ఈకి తోడుండే ఖనిజం ఇది. తక్కువైతే పుట్టిన పిల్లలకే కండరాలు తెల్లబడి నీరసిస్తాయి. కానీ 500 కిలోల గుర్రానికి రోజుకు కావలసింది ఒకటి నుంచి మూడు మిల్లీగ్రాములు. గ్రాములు కాదు, మిల్లీగ్రాములు. కావలసినదానికీ విషానికీ మధ్య దూరం చాలా తక్కువ. ఎక్కువైతే జూలు, తోక వెంట్రుకలు రాలతాయి, గిట్టలు పగులుతాయి. నేలలో సెలీనియం కూడా ఊరికో తీరుగా ఉంటుంది. పంజాబ్‌లో నవాన్‌షహర్, హోషియార్‌పూర్ వైపు కొన్ని ఊళ్ల నేలల్లో అది మితిమీరి ఉంది. గోధుమ పొట్టు ఏ నేల నుంచి వచ్చిందో సైసుకేం తెలుస్తుంది? మన మోటుపల్లి వైభవం గురించి రాసిన మార్కో పోలో, చైనా పడమటి కొండల్లో ఒక మొక్క తింటే పశువుల గిట్టలు ఊడిపోతాయని కూడా రాశాడు. అది సెలీనియం పట్టిన మొక్కే అయ్యుంటుందని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. దక్షిణ తీరంలో రాజులు వేల గుర్రాలు కొంటున్నారనీ, వాటికి అన్నంలో మాంసం ఉడికించి పెడుతున్నారనీ, చూసుకోవడం తెలిసినవాళ్లు లేక అవి చస్తున్నాయనీ రాసిందీ ఆయనే.

2009 ఏప్రిల్‌లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం వెల్లింగ్టన్‌లో జరిగింది ఇంకా ఘోరం. పోలో టోర్నమెంటుకు వచ్చిన లెచుజా కరాకస్ జట్టు గుర్రాలు ట్రెయిలర్లలోంచి దిగుతూనే తూలిపడ్డాయి. ఒక్క రోజులో 21 గుర్రాలు చచ్చిపోయాయి. ఆట ముందు అలసట రాకుండా వాటికి ఫ్రాన్స్‌లో దొరికే బయోడిల్ అనే మందుకు నకలు తయారుచేయించి ఎక్కించారు. అందులో విటమిన్ బి12, సెలీనియం, పొటాషియం, మెగ్నీషియం ఉంటాయి. అసలు మందుకు అమెరికాలో అనుమతి లేదు. నకలు కలిపినచోట ఒక దినుసు పాళ్లు తప్పాయని ఆ ఫార్మసీయే ఒప్పుకుంది. పరీక్ష చేస్తే రక్తంలో సెలీనియం ఉండాల్సినదానికన్నా 10 నుంచి 15 రెట్లు ఉంది. కోట్ల రూపాయల గుర్రాలు, వెంట డాక్టర్లు, ఎంత ఖర్చయినా వెనకాడని యజమాని. అక్కడే అలా జరిగితే, చీటీ పట్టుకుని షాపుల చుట్టూ తిరిగే చాచా గుర్రానికి దిక్కెవరు? ఈ సూది సరైన మోతాదులోనే వేసినా ఒంటికి పడక అక్కడికక్కడే కూలిన గుర్రాలున్నాయి. డాక్టరు పక్కన లేకుండా దాన్ని వేయకూడదు.

నిజానికి ఈ జబ్బు పట్టుకోవడం కష్టమేమీ కాదు. మన పక్కనే పంజాగుట్ట నిమ్స్‌లో కండరాల జబ్బుతో వచ్చిన మనిషికి చేసే సీకే రక్తపరీక్షే గుర్రానికీ పనిచేస్తుంది. కొన్ని వందల్లో ఉండాల్సిన ఆ అంకె జబ్బు పడ్డ నాలుగైదు గంటల్లో వేలల్లోకి, ఒక్కోసారి లక్షల్లోకి పోతుంది. మలక్‌పేటలో, 1886లో ఆరో నిజాం మౌలాలి నుంచి మార్పించిన ఆ రేసుకోర్సులో, పరుగెత్తే గుర్రాలకు డాక్టర్లున్నారు, పరీక్షలున్నాయి. అదే గుర్రం పరుగు తగ్గి బరాత్‌ల వాళ్ల చేతికి వచ్చిన మర్నాటి నుంచి దానికి ఏ డాక్టరూ లేడు. ఇది నాకు అన్యాయంగా కనిపిస్తుంది. రాజేంద్రనగర్‌లో పి.వి. నరసింహారావు పేరిట వెటర్నరీ విశ్వవిద్యాలయం ఉంది, పశుసంవర్ధక శాఖ ఉంది. ముహూర్తాలు మొదలయ్యే వారం ముందు పెళ్లి గుర్రాలున్న బస్తీల్లో ఒక శిబిరం పెట్టి, రక్తం తీసి, దాణా ఎంత పెట్టాలో తెలుగులోనూ ఉర్దూలోనూ ఒక కాగితం మీద రాసివ్వడం వాళ్లకు భారం కాదు. ఏడాదికి రెండుసార్లు చేస్తే చాలు.

గుర్రాన్ని మాట్లాడుకునే పెళ్లివారికీ ఒక విన్నపం. బేరం చేసేటప్పుడే అది ఆ రాత్రి ఎన్నో బరాతో అడగండి, ముందు రోజు దాన్ని కాసేపైనా నడిపించారా అని అడగండి. దారిలో అది బిగుసుకుపోయి నిలబడితే బ్యాండు ఆపించండి. పెళ్లికొడుకును దించి, జీను విప్పించి, బకెట్‌తో నీళ్లు పెట్టించండి. ఒక్క అడుగు కూడా నడిపించనివ్వకండి, దాణా పెట్టనివ్వకండి. డాక్టరు వచ్చేదాకా అది ఎక్కడుందో అక్కడే ఉండనివ్వండి, మూత్రం రంగు చూసి ఆయనకు చెప్పండి. మాట్లాడుకున్న డబ్బులు మాత్రం సైసుకు పూర్తిగా ఇచ్చేయండి. అవి చేతికి రావన్న భయంతోనే ఆయన ఆ కళ్లెం లాగుతున్నాడు.