ఫలితము చూడక మునుపే పరీక్షను ఎన్నుకొనవలెను

అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునని లోకోక్తి. ఒకే కుండలో, ఒకే మంటపై ఉడికిన మెతుకుల విషయములో ఈ మాట నిజమే. కాని మనుష్యులు ఒకే కుండలోని మెతుకులు కారు. ఒకే మందును పదిమందికి ఇచ్చినచో ఒకరికి ఎక్కువ గుణము, ఒకరికి తక్కువ గుణము కనిపించును. మరియొకరికి ఏమియు కనిపింపకపోవచ్చును. అట్టి చోట కనిపించిన మేలు మందు వలన కలిగినదా, లేక కాకతాళీయమా అని విచారించుటకు ఏర్పడిన సాధనములలో టి-పరీక్ష ముఖ్యమైనది.

దీనిని రూపొందించిన విలియం సీలీ గోసెట్ వైద్యుడు కాడు. ఆయన డబ్లిన్ నగరమున గిన్నిస్ బీరు కర్మాగారములో ఉద్యోగి. కొద్దిపాటి నమూనాల నుండి నమ్మదగిన నిర్ణయమునకు వచ్చుట ఎట్లను ప్రశ్న ఆయనకు నిత్యకృత్యములో ఎదురైనది. 1908లో ‘స్టూడెంట్’ అను మారుపేరుతో ఆయన ప్రకటించిన వ్యాసమే ఈ పరీక్షకు మూలము.

పరీక్ష సారాంశము సులభమైనది. రెండు చికిత్సలకు భేదము లేదని మొదట అనుకొనవలెను. దీనికే శూన్య పరికల్పన అని పేరు. పిమ్మట రెండు సగటుల మధ్య కనిపించిన భేదమును, ఆ భేదములో యాదృచ్ఛికముగా రాదగిన హెచ్చుతగ్గుల కొలతతో భాగింపవలెను. వచ్చిన సంఖ్యయే ‘టి’. అది ఎంత పెద్దదైన, భేదము లేదను ఊహ అంత బలహీనమగును.

అయితే టి-పరీక్షలలో భేదములు గలవు. వానిలో దేనిని ఎన్నుకొనవలెనను విషయముననే పొరపాట్లు జరుగుచుండును. గోసెట్ తన వ్యాసములో చూపిన ఉదాహరణమే ఇందుకు సాక్ష్యము. అమెరికాలోని మిచిగన్ రాష్ట్రములో కలమజూ మానసిక వైద్యశాల రోగులకు నిద్రమందులు ఇచ్చి చేసిన కొలతలు 1905లో ప్రకటింపబడినవి. వానిలో పదిమంది రోగుల లెక్కలను గోసెట్ గ్రహించెను. ఒక మందు వలన నిద్ర సగటున 0.75 గంట, మరియొక దాని వలన 2.33 గంటలు పెరిగినది. ఈ రెండు మందులను పుచ్చుకొన్నవారు ఆ పదిమందియే. కావున ప్రతి రోగికి తనలోనే కలిగిన భేదమును చూడవలెను. అట్లు చూచినచో ‘టి’ విలువ 4.06 వచ్చును. మందులకు భేదమే లేకున్నచో ఇంతటి ఫలితము వేయింట మూడు పర్యాయములు మాత్రమే కనిపించును. అవే అంకెలను వేర్వేరు ఇరువదిమంది రోగులవిగా భావించి లెక్కించినచో ‘టి’ 1.86కు పడిపోవును, అట్టి ఫలితము నూటికి ఎనిమిది పర్యాయములు రాదగును. నూటికి ఐదు అను వాడుకలోని హద్దును బట్టి చూచినచో, మొదటి లెక్క భేదము గలదనును, రెండవది నిశ్చయింపజాలదు. అంకెలు మారలేదు, రోగులు మారలేదు. లెక్కించిన తీరు మాత్రమే మారినది.

కావున పరీక్షను నిర్ణయింపవలసినది ప్రయోగము జరిగిన విధానమే గాని, పరిశోధకుని కోరిక కాదు. ఒకే రోగిపై రెండు చికిత్సలు జరిగినచో జతల పరీక్ష తగినది. వేర్వేరు రోగుల రెండు వర్గములైనచో స్వతంత్ర వర్గముల పరీక్ష తగినది. ఆ వర్గములలోని హెచ్చుతగ్గులు అసమానమైనప్పుడు 1947లో వెల్చ్ ప్రతిపాదించిన పద్ధతి మేలు. ఒక రోగి రక్తపోటును పదిసార్లు కొలిచినంత మాత్రమున పదిమంది రోగులు కారు. ఇక ‘నయమైనదా, కాలేదా’ అని తలలు లెక్కించు చోట టి-పరీక్షకు పనియే లేదు. 1956లో మద్రాసులో ఆరంభమైన క్షయ పరిశోధనలో రోగులను చీట్లు తీసినట్లు యాదృచ్ఛికముగా విభజించి, కొందరికి ఇంటివద్ద, కొందరికి శానిటోరియములో చికిత్స చేసిరి. అచట ముఖ్య ప్రశ్న ఎంతమందికి వ్యాధి శమించినదని. నిష్పత్తులను పోల్చు పరీక్షలే దానికి తగినవి.

పరిశోధకునికి ఇంత కట్టుబాటు విధించినచో కొత్త సంగతులు బయటపడవని కొందరి వాదము. అనుకోని సంగతి కనిపించినచో దానిని దాచనక్కరలేదు. దానిని కొత్త పరికల్పనగా గ్రహించి, కొత్త రోగులపై పరీక్షింపవచ్చును. ఏ గుణమూ లేని మందుపై వేర్వేరుగా ఇరువది పరీక్షలు చేసినను, నూటికి ఐదు అను హద్దు ప్రకారము ఒకటి ‘సార్థకము’గా తేలుట వింత కాదు. తక్కిన పందొమ్మిదింటిని మరుగుపరచి ఆ ఒక్కదానిని చాటుట ప్రజలను వంచించుటయే. దాని వలన రోగి ధనమును, అంతకంటె విలువైన కాలమును కోల్పోవును.

మన దేశములో క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ 2007లో ఏర్పడినది. ఔషధ ప్రయోగములను ముందుగా అందు నమోదు చేయుట 2009 జూన్ నుండి నిర్బంధమైనది. ఇది మేలైన ఏర్పాటు. ఏ ఫలితమును కొలుతురో, ఏ పరీక్షతో విచారింతురో అచట ముందే స్పష్టముగా వ్రాయుట లాంఛనముగా భావింపరాదు. అది రోగులకు ఇచ్చిన మాట వంటిది.

సార్థకమని తేలినదంతయు ప్రయోజనకరమును కాదు. వేలమందితో జరిపిన పరీక్షలో నిద్ర రెండు నిమిషములు పెరిగినను లెక్క ‘సార్థకము’ అనవచ్చును. అది కొండను త్రవ్వి ఎలుకను పట్టుటయే. కావున ‘శాస్త్రీయముగా రుజువైనది’ అను ప్రకటన కంటబడినప్పుడు పౌరుడు మూడు ప్రశ్నలు వేయవలెను. ఎంతమందిపై, దేనితో పోల్చి చూచిరి? మేలు ఎంత పరిమాణము గలది? పరీక్షను ఫలితమునకు ముందు ఎన్నుకొనిరా, తరువాతనా? ఈ ప్రశ్నలకు గణితశాస్త్ర పాండిత్యము అక్కరలేదు. వీనికి జవాబు చెప్పగల మందుకే విశ్వాసమును కోరు అర్హత గలదు.