గాలపు కర్ర దెబ్బకు నూరేళ్ల హారతి

2026 సెప్టెంబర్ 15 శరత్‌చంద్ర చటర్జీ నూట యాభయ్యో జయంతి. తెలుగునాట ఆయన పేరిట జరిగే ఏ సభ అయినా ఎలా నడుస్తుందో ముందే చెప్పేయవచ్చు. ‘శరత్‌బాబు మన తెలుగు రచయితే’ అని ఒకరంటారు, చప్పట్లు మోగుతాయి. మరొకరు అక్కినేనిని తలుచుకుంటారు. ఘంటసాల పాట ఒకటి వినిపిస్తారు. అంతటితో ‘దేవదాసు’ మహత్తర నవల అని తీర్మానం అయిపోయినట్టే. నవల తెరిచి చూసే పని మాత్రం ఎవరూ పెట్టుకోరు. తెరిచి, కళ్లనీళ్లు తుడుచుకుని చదివితే తేలేది ఒకటే. ‘దేవదాసు’ తనకు దక్కిన కీర్తికి తగిన నవల కాదు.

ఈ తీర్పు మొదట ఇచ్చినవాడు రాసినవాడే. పాతికేళ్ల వయసులో, 1900 ప్రాంతంలో భాగల్పూర్‌లో ఉండగా రాసిన పుస్తకమిది. 1903లో బర్మా వెళ్తూ రాతప్రతులు అక్కడివాళ్ల దగ్గరే వదిలేశాడు. పదేళ్ల తర్వాత, పేరు వచ్చాక, ‘దేవదాసు’ను అచ్చు వేద్దామని మిత్రుడు ప్రమథనాథ్ భట్టాచార్య అడిగితే శరత్ వద్దన్నాడు. అది తాగి రాసిందని, దాని గురించి తనకే సిగ్గుగా ఉందని జవాబు రాశాడు. విధి వింత చూడండి. 1912లో రంగూన్‌లో ఇల్లు తగలబడినప్పుడు ‘చరిత్రహీన్’ రాతప్రతి కాలిపోయింది. దాన్ని ఆయన పట్టుబట్టి మళ్లీ రాశాడు. వద్దనుకున్న ‘దేవదాసు’ మాత్రం భాగల్పూర్‌లో చెక్కుచెదరకుండా ఉండిపోయింది. 1916లో బర్మా నుంచి తిరిగొచ్చి హౌరాలోని బాజే శిబ్‌పూర్‌లో కాపురం పెట్టాడు. ఉద్యోగం లేదు, కలమే ఆధారం. మరుసటి ఏడు ‘చరిత్రహీన్’, ‘శ్రీకాంత’ మొదటి భాగంతో పాటు ‘దేవదాసు’ కూడా పుస్తకంగా వచ్చేసింది.

ఇక నవల సంగతి. వేరొకరితో పెళ్లి కుదిరిన చిన్ననాటి నేస్తం పార్వతిని దేవదాసు చెరువు రేవులో కలుసుకునే ఘట్టం పుస్తకానికి గుండెకాయ. అంతకుముందు ఆమె అర్ధరాత్రి ఒంటరిగా అతని గదికి వచ్చి తనను అంగీకరించమని అడిగింది. అతను తండ్రి మాటకు తలవంచి కలకత్తా పారిపోయాడు. నీ మీద నాకంత ప్రేమ లేదన్నట్టు ఉత్తరం కూడా రాశాడు. మనసు మార్చుకుని తిరిగొచ్చేసరికి ఆమె తన ఆత్మగౌరవాన్ని గుర్తు చేసింది, నీకు తల్లిదండ్రులు ఉన్నట్టే నాకూ ఉన్నారంది. దానికి అతను చేతిలోని గాలపు కర్రతో ఆమె నుదుటి మీద కొట్టాడు. రక్తం కారింది. చంద్రుడికి మచ్చ ఉన్నట్టు నీ అందానికీ ఒక మచ్చ ఉండాలని సమర్థించుకున్నాడు.

ఒక పాత్ర దుర్మార్గం చేసినంత మాత్రాన నవల దుర్మార్గమైపోదు. కొట్టేవాణ్ని చూపించే హక్కు ఏ రచయితకైనా ఉంది. ఇక్కడ నేరం ఆ తర్వాత జరుగుతుంది. ఏళ్లు గడిచాక ఆ మచ్చ ప్రస్తావన వస్తుంది. దేవదాసు సిగ్గుపడబోతాడు. పార్వతి అడ్డుపడి, ఆ మచ్చే తనకు ఊరట, అదే తన సొత్తు, మన చిన్ననాటి కథను నా నుదుట రాశావు అని పొంగిపోతుంది. దెబ్బ తిన్న మనిషి చేతనే దెబ్బకు ధన్యవాదం చెప్పించాడు రచయిత. కొట్టినవాడికి పశ్చాత్తాపపడే అవసరం కూడా లేకుండా పోయింది. అక్కడి నుంచి కథ అతని తాగుడు వెంట, జబ్బు వెంట, హాతీపోతాలో పార్వతి అత్తవారింటి ముందు రావిచెట్టు కింద చావు దాకా నడుస్తుంది. చివర్లో రచయిత స్వయంగా మన ముందుకొచ్చి అతని కోసం కన్నీరు కార్చమని వేడుకుంటాడు. పాత్ర తన కాళ్ల మీద నిలబడలేనప్పుడే రచయిత ఇలా చేయి చాచాల్సి వస్తుంది.

అభిమానుల వాదనలు తెలియనివి కావు. అర్ధరాత్రి పార్వతి రాక ఆ కాలానికి ఎంత సాహసం అంటారు. నిజం. ఆ ఒక్క అధ్యాయంలో శరత్ రాబోయే కాలంలో ఎంత ఎత్తుకు ఎదుగుతాడో కనిపిస్తుంది. అయితే ఆ పిల్లను తర్వాత ఏం చేశాడు? పెద్ద పెద్ద పిల్లలున్న విధురుడు భువన్ చౌధురికి కట్టబెట్టి, దానధర్మాలు చేసే దేవతగా మార్చి, చివరికి అత్తవారింట్లో బందీ చేశాడు. అడిగిన నేరానికి శిక్ష అది. జమీందారీ అహంకారాన్ని, కన్యాశుల్కం తీసుకునే కుటుంబమన్న చిన్నచూపును నవల ఎండగట్టిందని మరో వాదన. ఎండగట్టలేదు, కథకు అడ్డంకిగా వాడుకుంది. దేవదాసు తండ్రి చనిపోయాక ఆస్తి చేతికొచ్చిన కొడుకు ఆ వ్యవస్థను వేలెత్తి చూపిన పాపాన పోలేదు, ఆ డబ్బుతోనే తాగాడు.

శరత్ చిన్న రచయిత అనడం లేదిక్కడ. ఆయన పెద్ద రచయిత కాబట్టే ఈ ఫిర్యాదు. ‘దేవదాసు’ను తూచడానికి పరాయి తూనికరాళ్లు తేనక్కర్లేదు, హౌరాలో ఉన్న ఏళ్లలోనే ఆయన రాసిన ‘మహేశ్’ కథ చాలు. గఫూర్ అనే పేద ముస్లిం, కూతురు అమీనా, మహేశ్ అనే ముసలి ఎద్దు. కరువు. ఊరి బీడును జమీందారు కౌలుకిచ్చేశాడు, ఎద్దుకు గడ్డి లేదు. గోవును పూజించే ఊళ్లో ఆ నోరులేని జీవానికి నీళ్లు పోసేవాడు లేడు. అమీనా తెచ్చిన కుండను దాహంతో ఎద్దు పడదోస్తే, ఆకలితో, అవమానంతో కళ్లు తిరిగిన గఫూర్ నాగలితో దాని తల మీద కొట్టాడు. అది చచ్చిపోయింది.

ఇదీ దెబ్బే. ఇదీ ప్రేమించినవాడు ప్రేమించినదాని మీద వేసిన దెబ్బే. కానీ ఈసారి రచయిత ఎవరినీ బుజ్జగించలేదు. గఫూర్ ఇంట్లో మిగిలిన కంచం, చెంబు ప్రాయశ్చిత్తం కోసం వదిలేసి, రాత్రికి రాత్రి కూతురి చెయ్యి పట్టుకుని జనపనార మిల్లులో పనికి బయల్దేరాడు. ఆడవాళ్ల మానానికి దిక్కుండదని అంతకుముందు అతను వెళ్లనన్న మిల్లే అది. పోతూ పోతూ అల్లాను అడిగింది ఇదే: నన్నెంతైనా శిక్షించు, నా మహేశ్‌కు గడ్డీ నీళ్లూ దక్కనివ్వనివాళ్లను మాత్రం క్షమించకు. గాలపు కర్ర దెబ్బను నగలా అలంకరించిన చెయ్యే, ఈ నాగలి దెబ్బ వెనకున్న జమీందారును, పురోహితుణ్ని బోనులో నిలబెట్టింది. శిబ్‌పూర్ చుట్టూ ఉన్నవి జనపనార మిల్లులే. ఆ హుగ్లీ తీరపు మిల్లుల్లో గంజాం, శ్రీకాకుళం వైపు నుంచి వలస వచ్చిన మనవాళ్లూ చెమటోడ్చారు. గఫూర్ నడిచిన దారి తెలుగువాడికి పరాయిది కాదు. అయినా మనం నెత్తిన పెట్టుకున్నది జమీందారు కొడుకునే.

హౌరా శరత్‌ను మార్చింది. 1921 నుంచి పదిహేనేళ్ల పాటు హౌరా జిల్లా కాంగ్రెస్ సంఘానికి ఆయనే అధ్యక్షుడు. 1926లో వచ్చిన ‘పథేర్ దాబీ’ని మరుసటి ఏడాది జనవరిలో బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. నిషేధాన్ని ఖండించమంటే రవీంద్రుడు కూడా కలిసిరాలేదు. ఆ నిషేధం తొలగిపోయింది 1939లో, శరత్ కన్నుమూసిన మరుసటి ఏడు. ఏలికలను అంత భయపెట్టిన పుస్తకం రాసిన మనిషిని మనం గడ్డం, శాలువా, సీసాల బొమ్మకు కుదించేశాం.

ఈ కుదింపులో తెలుగువారి వాటా పెద్దది. మదనపల్లి శానిటోరియంలో క్షయకు చికిత్స పొందుతూ బెంగాలీ నేర్చుకున్న చక్రపాణి శరత్‌ను మనకు సొంత రచయితను చేశాడు. ఆ రుణం తీరేది కాదు. అందులో తప్పేమీ లేదు కూడా. తప్పు సినిమాతో వచ్చింది. 1953లో వేదాంతం రాఘవయ్య తీసిన ‘దేవదాసు’ సినిమాగా గొప్పది, నిస్సందేహంగా. సావిత్రి కళ్లు, సుబ్బరామన్ బాణీలు, ఘంటసాల గొంతు కలిసి నవలలో లేని గౌరవాన్ని దానికి కట్టబెట్టాయి. పాట తీపిని పుస్తకం ఖాతాలో జమ వేసుకున్నాం. బెంగాలీ, హిందీలలోనూ 1935లో బరువా సినిమా మొదలు 2002లో భన్సాలీ సినిమా దాకా ఇదే జరిగింది.

నవల పుస్తకంగా వచ్చిన సరిగ్గా నూరేళ్లకు, 2017లో, తెలుగు తెర మీదికి ‘అర్జున్ రెడ్డి’ వచ్చాడు. తాగుడు, గడ్డం, ప్రేమించిన పిల్ల చెంప మీద దెబ్బ, అన్నీ ఉన్నాయి. ప్రేమలో చెయ్యి చేసుకోవడం సహజమేనన్నట్టు దర్శకుడు తర్వాత ఇంటర్వ్యూలో సమర్థించుకుంటే దేశమంతా మండిపడింది. మండిపడినవాళ్లలో ఎందరు తమ ఇంటి అలమరలోని ‘దేవదాసు’ను అనుమానించారు? కుర్రవాళ్ల సినిమాను తిట్టడం తేలిక. తాతగారి నవలను ప్రశ్నించాలంటేనే నోరు రాదు. ఆ నవల చదివే మగవాళ్లు చెడిపోయారని అనడం వెర్రితనం. ఆ మచ్చను ప్రేమకు గుర్తుగా ఒప్పుకున్న పాఠకలోకం, ఆ చెంపదెబ్బను చూసి కొత్తగా ఉలిక్కిపడే అర్హత పోగొట్టుకుందన్నదే ఇక్కడి అభియోగం.

‘దేవదాసు’ను ఎవరూ నిషేధించనక్కర్లేదు, తగలబెట్టనక్కర్లేదు. పాతికేళ్ల కుర్రవాడి తొలినాటి ప్రయత్నంగా, ఆ రచయితే వద్దన్న పుస్తకంగా దాని అంతస్తులో దాన్ని ఉంచితే చాలు. నూట యాభయ్యో జయంతికి శరత్ సంపుటాలు కొత్తగా అచ్చు వేసే ప్రచురణకర్తలకు, పాఠ్యాంశాలు ఎంపిక చేసే విశ్వవిద్యాలయ తెలుగు శాఖలకు ఒక్క విన్నపం. మొదటి పేజీ ‘మహేశ్’కు ఇవ్వండి. ‘దేవదాసు’ వేస్తే, దాన్ని అచ్చు వేయవద్దని శరత్ ప్రమథనాథ్‌కు రాసిన మాట కూడా ముందుమాటలో వేయండి.