మత్తు వైద్యునికి చెప్పవలసిన మాట

శస్త్రచికిత్స ముగిసింది. రోగికి తెలివి రావలసిన సమయమూ దాటింది. కాని కనురెప్ప కదలదు. ఊపిరి తీయవలసిన కండరాలు పనిచేయవు. శ్వాసయంత్రాన్ని తొలగిస్తే ప్రాణానికే ముప్పు. కొన్ని గంటల తరువాత అతడు ఏమీ జరగనట్లే తనంతట తాను ఊపిరి పీల్చుకుంటాడు. ఇటువంటి సంఘటనలు వైద్యులకు కొత్త కావు.

శ్వాసనాళంలోకి గొట్టం పంపేముందు కండరాలను సడలించడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇవ్వడం కద్దు. రక్తంలోని ఒక ఎంజైము దానిని శీఘ్రంగా విచ్ఛిన్నం చేస్తుంది గనుక దాని ప్రభావం కొద్ది నిమిషాలలో తీరిపోతుంది. ఆ ఎంజైము లోపించినవారిలో మాత్రం గంటల తరబడి నిలుస్తుంది. వారు ఇతరత్రా ఆరోగ్యవంతులే. అందువల్ల ఆ మందు పడేవరకు తమలో లోపమున్నదని వారికే తెలియదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో అధికంగా నివసించే ఆర్యవైశ్యులలో ఈ లోపం ఇతరులకంటే సుమారు 100 రెట్లు ఎక్కువ. కారణం వారి చరిత్రలో ఉన్నది. కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించిన ఈ సమాజం వేల సంవత్సరాలుగా తనలో తానే వియ్యమందుతూ వచ్చింది. ఆ పూర్వీకులలో ఒకరి జన్యువులో ఉన్న చిన్న మార్పు నేడు అనేక కుటుంబాలకు సంక్రమించింది. తల్లిదండ్రులిద్దరి నుంచి ఆ మార్పు వచ్చిన బిడ్డలో ఎంజైము లోపిస్తుంది. మేనరికం లేని దంపతులకు కూడా ఇది వర్తిస్తుంది. చుట్టరికం తెలియకపోయినా మూలపురుషులు ఒక్కరే గదా!

ఇది ఒక్క కులానికి పరిమితమైన విషయం కాదు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞుడు కుమారస్వామి తంగరాజ్, హార్వర్డ్ ఆచార్యుడు డేవిడ్ రైక్ తమ సహచరులతో కలిసి దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాల జన్యువులను పరిశీలించి 2017లో ఫలితాలు ప్రకటించారు. వాటిలో 81 సమూహాలలో, వంశపారంపర్య వ్యాధుల అధ్యయనానికి ప్రసిద్ధులైన ఫిన్లాండు ప్రజలలో కంటే కూడా ఈ లక్షణం ప్రబలంగా కనిపించింది. ఆ 81లో 14 సమూహాల జనాభా పదేసి లక్షలకు మించినది. అంటే, ఏ సమూహంలో ఏ వ్యాధి పొంచి ఉన్నదో ముందుగా గుర్తించే అవకాశం మన దేశంలో అపారం.

ఇందులో ఎవరూ సిగ్గుపడవలసినది లేదు. ప్రతి వంశమూ ఏదో ఒక లోపాన్ని మోస్తూనే ఉంటుంది. తెలియకపోవడంలోనే అపాయమున్నది. బంధువులలో ఎవరికైనా శస్త్రచికిత్స తరువాత ఊపిరి ఆలస్యంగా వచ్చి ఉంటే, ఆ సంగతి మత్తు వైద్యునికి ముందే చెప్పండి. రక్తపరీక్షతో ఎంజైము లోపాన్ని కనుగొనవచ్చు. వేరొక మందుతో శస్త్రచికిత్స నిశ్చింతగా జరిపించవచ్చు. ఒక ప్రాణాన్ని కాపాడటానికి ఆ ఒక్క మాట చాలు.